డిసెంబర్ రాజీనామాలు

నా మెయిల్ డ్రాఫ్టుల్లో నాలుగు రాజీనామా లేఖలున్నాయి. ఒక్కటీ పంపలేదు. పోయిన వేసవిలో ఏదో పాత రసీదు కోసం వెతుకుతుంటే వరసగా కనబడ్డాయి. తేదీలు చూశాను. నవంబర్ 18, డిసెంబర్ 9, జనవరి 22, మళ్లీ డిసెంబర్ 3. నాలుగు చలికాలాలు, నాలుగు లేఖలు. ఏప్రిల్‌లోనో ఆగస్టులోనో రాసింది ఒక్కటీ లేదు. ఉద్యోగం మీద విసుగొచ్చి రాశాననే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. మరి ఆ విసుగు వేసవిలో ఎక్కడికి పోతోంది?

నేనుండేది అమెరికాలో, సియాటిల్లో. లేక్ వాషింగ్టన్‌కి ఇటువైపు ఇల్లు, అటువైపు ఆఫీసు, మధ్యలో 520 వంతెన. 2016లో తెరిచిన ఈ వంతెన నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. 7,700 అడుగుల పైచిలుకు పొడవు, తేలే వంతెనల్లో ప్రపంచంలోకెల్లా ఇదే పెద్దది. వచ్చిన కొత్తలో బస్సు దాని మీదికి ఎక్కగానే ఫోన్ తీసి ఫొటోలు కొట్టేవాణ్ని. రెండో ఏడాదికల్లా అదే ఫోన్లో తలదూర్చి మెయిళ్లు చూసుకోవడం మొదలుపెట్టాను. వంతెన తప్పేం లేదు పాపం.

పని ఆరోగ్య బీమా కంపెనీలో, అప్లికేషన్ సపోర్ట్. ఆసుపత్రులు పంపిన క్లెయిములు రాత్రి బ్యాచ్‌లో సిస్టమ్‌లోకి ఎక్కుతాయి. ఎక్కకుండా మొరాయించినవి తెల్లారేసరికి టికెట్లయి, అంటే నేను తేల్చాల్సిన ఫిర్యాదులై, నా క్యూలో కూర్చుంటాయి. టికెట్ తెరవాలి, ఎర్రర్ కోడ్ చూడాలి, ఆ కోడ్‌కి ఎప్పుడో రాసిపెట్టుకున్న వాక్యాన్ని కాపీ చేసి అతికించాలి, మూసేయాలి. తర్వాతది. తొమ్మిదింపావుకి స్టాండప్, అంటే రోజూ జరిగే చిన్న మీటింగ్. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమైనా ఉన్నాయా? ఒకరోజు పొరపాటున ముందురోజు చెప్పిందే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పాను. ఎవరూ గమనించలేదు. గమనించి తిట్టినా బాగుండేదనిపించింది.

ఆదివారం అమ్మ ఫోన్ చేసి, "ఏం నాన్నా, గొంతు అలా ఉందేం?" అంటుంది. "పని ఎక్కువగా ఉందమ్మా" అంటాను. అబద్ధం. పని ఎక్కువైందంటే చెప్పుకోవడానికి గౌరవంగా ఉంటుంది, వినేవాళ్లకి జాలి కలుగుతుంది. పని బోరు కొడుతోందంటే మాత్రం కడుపు నిండిన బేరంలా వినిపిస్తుంది. ఎండలో నిలబడి చేసే పనులు ఎరిగిన మనిషి ముందు, వెచ్చటి గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని ఏడవడానికి నోరెలా వస్తుంది? అందుకే మాలో చాలామందిమి ఈ సంగతి ఎవరికీ చెప్పం. చెప్పకపోయేసరికి విసుగు కాస్తా సిగ్గుగా మారుతుంది. విసుగుకన్నా ఈ సిగ్గే ఎక్కువ బరువు.

"అంత బోరైతే మానెయ్" అన్నాడు పక్క సీటు అమెరికన్ ఒకసారి, మంచి మనసుతోనే. హెచ్1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం మానినా పోయినా మామూలుగా గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ మన తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. గ్రీన్‌కార్డ్ వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవాడు ఆ వరసను కదపడానికి భయపడతాడు. ఇదంతా అతనికి చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆ వివరణ కూడా బోరు కొట్టింది.

మా టీంలో ఇంకో తెలుగాయన ఉన్నాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. "అన్నా, నీకు బోరు కొట్టదా?" అని అడిగాను. "కొట్టేదానికే కదరా జీతమిచ్చేది. సరదాగా ఉంటే లోపలికి రావడానికి మన దగ్గరే టికెట్ డబ్బులు తీసుకునేవాళ్లు" అన్నాడు. నవ్వాను. తర్వాత ఆయనే గొంతు తగ్గించి, "లైటు కొనుక్కున్నావా?" అని అడిగాడు. ఏ లైటో నాకు అర్థం కాలేదు.

ఇక్కడివాళ్లు నవంబర్ నుంచి మొదలయ్యే రోజుల్ని 'బిగ్ డార్క్' అంటారు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మర్నాటి నుంచి ఐదు కాకముందే పొద్దుగుంకుతుంది. డిసెంబర్ 21 నాటికి సూర్యుడు ఎనిమిదికి కాస్త ముందు వచ్చి నాలుగూ ఇరవైకల్లా వెళ్లిపోతాడు. అదీ వస్తే. ఎక్కువ రోజులు మబ్బు వెనకాలే డ్యూటీ చేసుకుని పోతాడు. మన వైపు ఎంత చలికాలమైనా పగలు సుమారు 11 గంటలు ఉంటుంది, ఇక్కడ ఎనిమిదిన్నర కూడా ఉండదు. చీకట్లో బస్సెక్కి చీకట్లో దిగుతాను. సియాటిల్ అంటే జోరువాన అనుకుంటారు గానీ, ఏడాది మొత్తం మీద న్యూయార్క్‌లోనే ఎక్కువ కురుస్తుంది. ఇక్కడ కురిసేది తుంపర. గొడుగు వేస్తే నవ్వుతారు, వేయకపోతే తడుస్తాం.

ఈ దిగులుకి ఒక పేరుందని అన్నే చెప్పాడు, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని. పేరు పెట్టినాయన కూడా మనలాగే వలసొచ్చినవాడు. నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు 1976లో దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వచ్చాడు. ఎండ పుష్కలంగా ఉన్న ఊరి మనిషి. గడియారాలు వెనక్కి తిప్పి పగళ్లు చిన్నవయ్యేసరికి తనలో ఓపిక తగ్గడం, వసంతం రాగానే తిరిగి రావడం గమనించుకున్నాడు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేస్తూ, 1984లో సహచరులతో కలిసి ఈ రుతువారీ కుంగుబాటును వర్ణించాడు, వెలుగుతో చికిత్సనూ చెప్పాడు. అది చదువుతుంటే ఎవరో నా డ్రాఫ్టులు తెరిచి చూసినట్టనిపించింది.

లైటు కొన్నాను. పలక అంత ఉంటుంది. వెలుగు 10,000 లక్స్, పొద్దున లేవగానే అరగంట, మొహానికి అడుగున్నర, రెండడుగుల దూరంలో కాస్త పక్కగా పెట్టుకోవాలి, సూటిగా దానిలోకి చూడకూడదు. కంటి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ (మూడ్ విపరీతంగా మారిపోయే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. మొదటివారం దాన్ని ఆపడం మర్చిపోయి అలాగే స్టాండప్‌లో కెమెరా ఆన్ చేశాను. సున్నం కొట్టిన గోడలా ఉంది నా మొహం. "నిన్నెవరైనా విచారిస్తున్నారా?" అంది మేనేజర్. ఆ ఏడాది స్టాండప్‌లో అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

రెండు వారాలు తిరిగేసరికి పొద్దున పక్క మీంచి లేవడం యుద్ధంలా అనిపించడం తగ్గింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి బయట ఇరవై నిమిషాలు నడవడం కూడా అలవాటు చేసుకున్నాను. మబ్బు పట్టిన ఆకాశం కూడా ఆఫీసు ట్యూబులైట్ల కంటే ఎన్నో రెట్లు వెలుగునిస్తుందని తెలిశాక, మబ్బుంది కదా అన్న సాకు పోయింది.

లైటుతో అన్నీ సర్దుకుంటాయని చెబితే అబద్ధమాడినట్టే. ఏటా చేయించుకునే చెకప్‌లో డాక్టర్ గది బయట ఒక కాగితమిస్తారు, పీహెచ్‌క్యూ-9 అని. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, బతుకు మీద విరక్తి, ఇలా తొమ్మిది ప్రశ్నలు. నాలుగేళ్లపాటు తొమ్మిదింటికీ 'అస్సలు లేదు' దగ్గరే టిక్ పెట్టాను. వీసాకి ఏమైనా అడ్డమొస్తుందేమోనని ఒక పిచ్చి భయం, ఫారం అంటే గబగబా నింపి ఇచ్చేయాలన్న అలవాటు ఒకటి. ఐదో ఏడు నిజం రాశాను. డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని పదిహేను నిమిషాలు మాట్లాడింది, అంతే, ఆకాశమేం విరిగి మీద పడలేదు. ఇక్కడ చాలా కంపెనీలు ఉద్యోగులకి కొన్ని కౌన్సెలింగ్ సిట్టింగులు ఉచితంగా ఇస్తాయి. ఎవరు వెళ్లారో మామూలుగా కంపెనీకి చెప్పరు. నేను నాలుగుసార్లు వెళ్లాను. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చేదాకా పోయినవాళ్లకి అమెరికాలో 988 నంబర్ ఉంది, రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఆ నంబర్ నా ఫోన్లో కూడా ఉంది. ఉండటంలో నామోషీ ఏముంది.

ఇక జులైకి వద్దాం. డ్రాఫ్టులు దొరికింది అప్పుడే. రాత్రి తొమ్మిదైనా వెలుగు తగ్గని సాయంత్రం, బాల్కనీలో కూర్చుని నాలుగు లేఖలూ వరసగా చదివాను. ఎవరో పరాయివాడు రాసినట్టున్నాయి. ఈ దేశం వద్దు, ఈ మనుషులొద్దు, నావల్ల ఏదీ కాదు. ఆ మాటలన్నీ జులై వెలుగులో చప్పగా రాలిపోయాయి. ఒక్క వాక్యం మాత్రం నాలుగింటిలోనూ ఉంది, జులైలో కూడా చెక్కుచెదరలేదు: "నేను చేసే పని ఎవరికి పనికొస్తోందో నాకు తెలియడం లేదు."

అప్పుడర్థమైంది, నేను రెండు జబ్బుల్ని కలిపి ఒకే పేరుతో పిలుస్తున్నానని. దిగులు చలికాలానిది, విసుగు పనిది. డిసెంబర్‌లో రెండూ కలిసొచ్చి మీద పడేసరికి ఏది ఏదో తెలియక, పెట్టె సర్దుకుని వెళ్లిపోవాలనిపించేది. దిగులుకి లైటుంది. మరి విసుగుకి?

ఇక్కడ ఇంకో నార్మన్ పనికొచ్చాడు. నార్మన్ మ్యాక్‌వర్త్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త, రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్లు ఎంతసేపటికి గుర్తులు చూడకుండా వదిలేస్తున్నారో తేల్చడానికి గడియారం లాంటిదొకటి తయారుచేశాడు. ముల్లు సెకనుకోసారి కదులుతుంది, ఎప్పుడో ఒకసారి ఒకేసారి రెండు సెకన్ల దూరం గెంతుతుంది. ఆ గెంతుని పట్టుకోవాలి. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి అరగంట దాటగానే పట్టుకోవడం తగ్గిపోయింది. సరిగ్గా నా టికెట్ల క్యూ. ఉదయం మూడు గంటలు ఏకబిగిన టికెట్లు మూసి, నాలో శ్రద్ధ లేదని నన్ను నేను తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు అరగంటకి మించి కూర్చోను. లేచి ఇంకో రకం పని ముట్టుకుని మళ్లీ వస్తాను. తప్పులు తగ్గాయి.

అయినా ఆ వాక్యం అలాగే ఉంది. ఆగస్టులో మేనేజర్‌ని ఒకటే అడిగాను: వారానికి రెండు గంటలు కాల్ సెంటర్‌లో కూర్చుని వినొచ్చా? "ఎందుకు?" అంది. "నా టికెట్ల వెనక ఎవరున్నారో చూడాలనుంది" అన్నాను. వింతగా చూసి సరేనంది.

మూడో గురువారం ఒక ఫోన్ వచ్చింది. తండ్రి మాట్లాడుతున్నాడు, వెనక పసిబిడ్డ ఏడుపు. పుట్టి పదకొండు రోజులు. ఆసుపత్రి బిల్లు మొత్తం వాళ్ల మీదే పడిందని కాగితం వచ్చిందట. కాల్ తీసుకున్నావిడ స్క్రీన్ నావైపు తిప్పింది. ఆ ఎర్రర్ కోడ్ నాకు నా పేరంత బాగా తెలుసు. 'సభ్యుడు దొరకలేదు.' రోజుకి పది పన్నెండు మూసేవాణ్ని, 'వివరాలు సరిచూసి మళ్లీ పంపండి' అన్న వాక్యం అతికించి. ఇక్కడ ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో, పుట్టిన బిడ్డ పేరు చేర్పించుకోవడానికి తల్లిదండ్రులకి కనీసం 30 రోజులు గడువుంటుంది, చేర్చాక పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. ఆసుపత్రి మాత్రం ఆలోపే క్లెయిమ్ పంపేస్తుంది. సిస్టమ్ వెతుకుతుంది, ఆ పేరుతో ఎవరూ ఉండరు, తిప్పికొడుతుంది. నేను అన్నేళ్లుగా మూస్తున్నవాటిలో ఎన్నో, ఇంకా పేరు కూడా ఎక్కని పిల్లలవి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాలాకాలం తర్వాత దిగులు వల్ల కాకుండా ఆలోచన వల్ల పట్టలేదు. పుట్టినతేదీ 30 రోజుల లోపుంటే క్లెయిమ్‌ని తిప్పికొట్టకుండా పక్కన ఆపి, పేరు చేరాక తిరిగి నడిపేలా చిన్న మార్పు రాశాను. కోడ్ నలభై వరసలు కూడా లేదు. అనుమతులకి మాత్రం ఏడు వారాలు పట్టింది. అది పెట్టాక ఆ రకం టికెట్లు వారానికి రెండో మూడో వస్తున్నాయి. మిగతా కోడ్లన్నీ యథాతథం. బోరు కొడుతూనే ఉన్నాయి. "పిల్లల డాక్టర్‌వైపోయావు కదరా" అని అన్న వెక్కిరిస్తాడు.

అమ్మకి ఈ పసిబిడ్డ సంగతి చెప్పాను. కోడ్ ఏంటో ఆమెకి అర్థం కాలేదు గానీ, "అయితే నువ్వు చేసేది ఇదా! ఇన్నేళ్లూ చెప్పవేం?" అంది. నాకే తెలియదమ్మా అన్నాను.

ఈ ఏడు నవంబర్‌లో మళ్లీ గడియారాలు తిప్పారు. లైటు కిందికి దించి తుడిచాను. డిసెంబర్ 11, గురువారం, బయట తుంపర, నాలుగున్నరకే చీకటి. స్టాండప్‌లో ఎవరో ఏదో అన్నారు, మనసు విరిగింది. డ్రాఫ్ట్ తెరిచి ఐదో రాజీనామా లేఖ రాశాను. వెనకటి నాలుగింటికంటే బాగా వచ్చింది కూడా. ఎవరికి పంపాలో రాసే పెట్టెలో మేనేజర్ అడ్రస్ వేయలేదు, నాదే వేసుకున్నాను. సబ్జెక్ట్ దగ్గర 'జులైలో చదవాలి' అని రాసి, కంప్యూటర్ ఆపి బస్సుకి బయల్దేరాను.