మా అమ్మాయి చేతిలో చుక్కాని

కోనసీమలో మా ఇంటి ముందే కాలవ. పొద్దున లేస్తే నీళ్ళు, పడుకోబోతే నీళ్ళు. అయినా నాకు ఈత రాలేదు. మా తమ్ముడికి ఆరేళ్ళు రాగానే రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి, వాటి మీద బోర్లా పడుకోబెట్టి కాలవలో వదిలారు. వారం తిరగకుండా వాడు అవతలి గట్టుకు వెళ్ళి వచ్చాడు. నేను వాడి తువ్వాలు పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చున్నాను. ఆడపిల్లకు ఈత ఎందుకని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. తెల్లవారాక మా తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్టు ఎక్కడుందా అని వెతుక్కున్నాం. ఆ తరువాత మా అమ్మ నోట నీళ్ళ గురించి ఒకటే మాట: దగ్గరికి వెళ్ళకు. ఆ మాటను నేను బోస్టన్ దాకా మోసుకొచ్చాను. మా అమ్మాయి పుట్టాక దాన్ని ఆమెకూ అందించాను.

ఇక్కడ రెడ్ లైన్ రైలు లాంగ్‌ఫెలో వంతెన మీదుగా చార్లెస్ నది దాటుతుంది. ఏప్రిల్ దాటితే చాలు, ఆ కిటికీలోంచి తెల్లని తెరచాపలు కనిపిస్తాయి. మా అమ్మాయి ప్రతిసారీ సీటు మీద మోకాళ్ళు వేసి, రైలు సొరంగంలోకి వెళ్ళేదాకా వాటినే చూసేది. తొమ్మిదో ఏట ఒకరోజు, "అవి ఎవరి పడవలమ్మా?" అని అడిగింది. ఎవరో డబ్బున్నవాళ్ళవి అయి ఉంటాయని చెప్పాను.

అది తప్పని తరువాత తెలిసింది. ఆ పడవలు కమ్యూనిటీ బోటింగ్ అనే సంస్థవి. లాభాపేక్ష లేని ఆ సంస్థ 1946 నుంచి నడుస్తోంది. దాని మూలాలు అంతకు పదేళ్ళ వెనకే ఉన్నాయి. అక్కడికి దగ్గరలోని వెస్ట్ ఎండ్ అనే పేటలో ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వచ్చిన వలస కుటుంబాలు ఇరుకు ఇళ్ళలో ఉండేవి. ఆ పేట పిల్లలకు పడవ నడపడం నేర్పాలని జోసెఫ్ లీ అనే ఆయన పూనుకున్నారు. 1950ల చివర పట్టణాభివృద్ధి పేరుతో ఆ పేటను కూల్చేశారు. పడవలు మాత్రం మిగిలాయి. పిల్లలకు ఇప్పటికీ ఆదాయాన్ని బట్టి ఫీజు, ఒక్క డాలరు నుంచి మొదలు. వలస వచ్చినవాళ్ళ పిల్లల కోసం పుట్టిన చోటును డబ్బున్నవాళ్ళదని నా బిడ్డకు చెప్పినందుకు చాలా బాధపడ్డాను.

పదేళ్ళు నిండిన పిల్లలు చేరవచ్చు, కానీ 75 గజాలు ఈదగలగాలి. అమ్మాయికి ఈత రాదు. తీసుకెళ్ళవలసిన నాకూ రాదు. ఆ చలికాలం ఇద్దరం కలిసి దగ్గరలోని ఈత కొలనులో చేరాం. బయట మంచు, లోపల క్లోరిన్ వాసన, నా పక్కన ఆరేళ్ళ పిల్లలు. ముఖం నీళ్ళలో పెట్టడానికే నాకు నాలుగు వారాలు పట్టింది. ఒకరోజు కాళ్ళు నేలకు తగలకుండా కొలను మధ్యదాకా వెళ్ళాక, గట్టు పట్టుకుని ఏడ్చేశాను. ఎందుకని అమ్మాయి అడిగితే రేవు మెట్ల సంగతి చెప్పాను. అది నా చేయి పట్టుకుని, "ఇప్పుడు వెనక్కి వెళదాం" అంది.

జూన్ చివర మొదలైంది చదువు. చదువనే అంటాను. మొదట ఒడ్డు మీదే పాఠం: ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయడం, తెరచాప ఎక్కించడం, గాలి ఎటునుంచి వస్తోందో చెంప మీద, మెడ మీద పోల్చుకోవడం. ఏ తెరచాప పడవైనా గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు. ఇంచుమించు నలభై అయిదు డిగ్రీలు పక్కకు తిరిగి, కొంత దూరం కుడికి, కొంత దూరం ఎడమకు మళ్ళుతూ గాలి వచ్చే దిక్కుకు చేరాలి. రెండు పడవలు ఎదురైతే, కుడి పక్క నుంచి గాలి అందుకుంటున్న పడవకు రెండోది దారి ఇవ్వాలి. వయసుతోగానీ, పడవ ఎవరిదన్నదానితోగానీ పని లేదు. బోట్‌హౌస్ మీద ఎగిరే జెండా రంగును బట్టి ఆ రోజు ఎవరు వెళ్ళవచ్చో తేలుతుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. నేర్చుకున్నకొద్దీ ఇంకాస్త బలమైన గాలికి అనుమతి దొరుకుతుంది. పడవ నడపడం వచ్చిన పిల్లలే రాని పిల్లలకు నేర్పుతుంటారు.

ఈ నది ఒకప్పుడు ఆటుపోట్లకు లోబడే ఉప్పుటేరు. 1910లో ముఖద్వారం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక మంచినీటి చెరువులా నిలిచింది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పెరిగినదాన్ని కనుక ఆ సంగతి తెలిశాక నదితో కాస్త చుట్టరికం కలిసినట్టయింది. అలలు లేకపోయినా గాలి మాత్రం కుదురుగా ఉండదు. ఒడ్డున ఉన్న ఎత్తయిన కట్టడాల మధ్య చీలి, ఉన్నట్టుండి పక్క నుంచి కొడుతుంది.

అందుకే పడవ బోర్లా పడితే ఏం చేయాలో కావాలని పడేసి నేర్పుతారు. ఆ రోజు నేను ఒడ్డున ఉన్నాను. పడవ పక్కకు ఒరిగింది, తెరచాప నీటి మీద పరుచుకుంది. నా బిడ్డ తల కనబడలేదు. రెండు క్షణాలో మూడు క్షణాలో. నా వేళ్ళు కంచెను పట్టుకుని తెల్లబడ్డాయి. తరువాత పడవ అడుగు నుంచి బయటికి పొడుచుకొచ్చిన పలక మీద రెండు చేతులు కనిపించాయి. ఆమె దాని మీదికి ఎక్కి నిలబడి, అంచు పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చింది. ఏమీ కాలేదు. మళ్ళీ వాల్చింది. తెరచాప కొస నీటిని వదిలి మెల్లగా లేచింది, దాని మీది నీళ్ళు తెరలా జారాయి, పడవ ఒక్కసారిగా నిలబడింది. మరపడవలో పక్కనే ఉన్న శిక్షకురాలు చేయి వేయలేదు. వేయకపోవడం ఎంత కష్టమో ఒక తల్లిగా నాకు తెలుసు.

తెలిసినవాళ్ళు కొందరు వేసవి సెలవులు లెక్కల తరగతులకు కాకుండా దీనికెందుకని అడిగారు. వాళ్ళ ఆందోళన నాకు అర్థమవుతుంది, నేనూ అలాగే ఆలోచించినదాన్నే. కానీ ఇది మనవాళ్ళు చేసే పని కాదన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. శాతవాహనులు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించారు. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో ఏటా వానాకాలపు గాలికి తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, పేద కుటుంబాల పిల్లలు కూడా అక్కడ నేర్చుకుని పతకాలు గెలుస్తున్నారు.

నేను ఎదురుచూడనిది తెలుగు. అమ్మాయి ఆదివారం తెలుగు బడికి వెళుతుంది, గుణింతాలు వచ్చు, రెండు శతక పద్యాలు వచ్చు. తాతయ్యతో ఫోనులో మాత్రం "తిన్నాను, బాగున్నాను" దగ్గరే మాట ఆగిపోయేది. జూలైలో ఒకరోజు పడవ భాగాలకు తెలుగులో పేర్లు అడిగింది. తెరచాప చెప్పాను. తెర, చాప రెండూ తెలిసిన మాటలే కనుక ఎంతో సంబరపడింది. తెడ్డు అనగానే వంటింట్లోకి పరుగెత్తి హల్వా కలిపే తెడ్డు పట్టుకొచ్చింది. చుక్కాని తరువాత నా దగ్గర మాటలు అయిపోయాయి. నాన్నగారికి ఫోను చేశాం.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. తన చిన్నప్పుడు మేనమామకు గూటి పడవ ఉండేదట. ధాన్యం బస్తాలతో కాలవలో వెళ్ళేదట. గాలి కలిసొస్తే చాప ఎత్తేవారు, పడిపోతే ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ లాగేవారు. ఆ గట్టు మీద, అదే కాలవ పక్కన నేను పదిహేడేళ్ళు పెరిగాను. ఈ మాట ఎప్పుడూ వినలేదు, ఎప్పుడూ అడగలేదు.

"నాకు పడమటి గాలి ఇష్టం తాతయ్యా" అంది అమ్మాయి.

"పడమటి గాలా? మాకు వేసవిలో అది వీచిందంటే వడదెబ్బేనమ్మా. సాయంత్రం దక్షిణం నుంచి, సముద్రం మీంచి ఒకటి వస్తుంది చూడు, అది పైరగాలి. ప్రాణం లేచి వస్తుంది."

బోస్టన్‌కు సముద్రం తూర్పున ఉంది. ఆ వారం ఆమె పడవ పుస్తకంలో ఇంగ్లీషు రాతల మధ్య తెలుగులో ఒక పంక్తి చూశాను: తూర్పు పైరగాలి, మధ్యాహ్నం నుంచి.

ఆగస్టులో ఒక సాయంత్రం నేనూ పడవ ఎక్కాను. శిక్షకురాలు తోడు వచ్చింది, చుక్కాని మా అమ్మాయి పట్టుకుంది. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళకు ఆజ్ఞలు ఇవ్వరు. ఇక్కడ చుక్కాని ఎవరి చేతిలో ఉంటే మాట వారిదే. దూరంగా నీటి మీద నల్లని ముడత ఒకటి మా వైపు పాకుతోంది. నాకు నీడలా కనిపించింది. "గాలి వస్తోందమ్మా. ఇటు జరుగు. తల వంచు" అంది, తెలుగులోనే. వంచాను. తెరచాప అడుగున ఉన్న అడ్డుకొయ్య నా తల మీదుగా అటు వెళ్ళింది. పడవ ఒరిగింది. నా చేయి అలవాటుగా ఆమె వైపు వెళ్ళబోయి, పడవ అంచు పట్టుకుంది.

ఇప్పుడు శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు, అక్కడ సాయంత్రం ఆరవుతుండగా, నాన్నగారే ఫోను చేస్తున్నారు. మొన్న అరుగు మీద కూర్చుని ఫోను పైకెత్తి చూపించారు. "మట్టలు ఉత్తరానికి వాలుతున్నాయి, చూశావా తల్లీ. పైరగాలి మొదలైంది. మరి మీకు ఎటు?" అమ్మాయి ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది, ఎదురుగా ఉన్న చెట్టు ఆకులు చూసి చెప్పడానికి.