గోలకి దూరంగా ఒక గది: నా అనుభవం

పగలంతా ట్రైనింగు, రాత్రికి నిద్ర. ఆఫీసు పని మీద వేరే నగరానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు నా అవసరాలు ఇంతే. అమ్మ కూడా వస్తానంది కాబట్టి ఇంకో రెండు చేరాయి: మెట్లెక్కే పని ఉండకూడదు, బాత్‌రూమ్‌లో కాలు జారకూడదు. వీటిలో ఏ ఒక్కదానికీ నగరం నడిబొడ్డున దిగాల్సిన పని లేదు. అయినా బుకింగ్ యాప్ తెరిస్తే ముందు వచ్చేవన్నీ సెంటర్‌లోవే. "అన్నిటికీ దగ్గర" అని రాస్తారు. అన్నిటికీ దగ్గరంటే బార్లకీ, బస్టాండుకీ, తెల్లారుజామున సరుకు దింపే లారీలకీ కూడా దగ్గరే కదా!

అందుకని హోటళ్లు వెతకడం మానేసి ముందు మెట్రో మ్యాప్ ముందు పెట్టుకున్నాను. ట్రైనింగ్ జరిగే చోటికి ఏ లైను వెళ్తుందో చూసి, ఆ లైను మీదే సెంటర్ దాటాక వచ్చే స్టేషన్ల చుట్టూ ఏ హోటళ్లున్నాయో చూశాను. కిలోమీటర్లు లెక్కపెట్టలేదు, నిమిషాలు లెక్కపెట్టాను. ఒకే రైల్లో కూర్చుని అరగంట వెళ్లడం, మధ్యలో దిగి మెట్లెక్కి ఇంకో రైలు పట్టుకుని ఇరవై నిమిషాల్లో చేరడం కంటే ఎంతో సుఖం, అందులోనూ పక్కన మోకాళ్ల నొప్పుల మనిషి ఉంటే. స్టేషన్ నుంచి హోటల్ దాకా దారి ఎలా ఉందో ఫోటోల మ్యాప్‌లో నడిచి చూశాను. ఫుట్‌పాత్ ఉందా, రాత్రి లైట్లుండే రోడ్డేనా అని. ఆఖరి రైలు ఎన్నింటికో కూడా చూడాలి. అది తప్పిపోయిన రాత్రి క్యాబ్‌కి పెట్టేది, బయట దిగినందుకు మిగిలిన డబ్బు మొత్తాన్నీ ఊడ్చేస్తుంది. సెలవు రోజుల టైమింగులు వేరే ఉంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

అయితే ఊరి బయట అనగానే నిశ్శబ్దం అనుకోవడానికి లేదు. రింగు రోడ్లు, గూడ్సు రైళ్లు, విమానాలు దిగే దారి, ఇవన్నీ ఊరి బయటే ఉంటాయి. పైగా హైవే చప్పుడు దూరం పెరిగినంత తొందరగా తగ్గదు. ఒక్క చోట మోగే శబ్దం దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఆగకుండా బళ్లు పోయే రోడ్డు మాత్రం పొడుగాటి గీతలాంటిది కాబట్టి సుమారు 3 డెసిబెల్సే తగ్గుతుంది. అంటే రోడ్డు నుంచి ఇంకో వంద మీటర్లు దూరం జరగడం కంటే, రోడ్డుకీ మన కిటికీకీ మధ్య ఒక బిల్డింగ్ అడ్డం ఉండటమే మేలు. ఆ బిల్డింగ్ మనం దిగే హోటలే అయినా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగది లోపల ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదనీ, ఉండుండి వచ్చే చప్పుళ్లు 45 దాటకూడదనీ ఉంది. లారీలు పోయే రోడ్డు మీదికి తెరుచుకునే ఒంటి అద్దం కిటికీతో అది అయ్యే పని కాదు.

రివ్యూలలో ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చదివాను. నిజం అక్కడే ఉంటుంది. "నిద్ర", "చప్పుడు" అన్న మాటలతో వెతికితే చాలావరకు తేలిపోతుంది. ఒక హోటల్ గురించి అందరూ బాగుందనే రాశారు, ఒకాయన మాత్రం కింద పార్టీ హాల్ ఉందనీ అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగాయనీ రాశాడు. ఆ ఒక్క రివ్యూతో దాన్ని పక్కన పెట్టేశాను.

నచ్చినదానికి ఫోన్ చేశాను.

"రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది కావాలండీ. లిఫ్ట్ పక్కన వద్దు. పక్క గదిలోకి తలుపు ఉంటుందే, అలాంటిది అసలు వద్దు."

అవతలి కుర్రాడు నవ్వాడు. "ఇంకా ఏం వద్దండీ?"

"అంతే. మా అమ్మగారు కూడా వస్తున్నారు. బాత్‌రూమ్‌లో పట్టుకోడానికి రాడ్ ఉన్న గది ఉంటే చెప్పండి."

కాసేపు ఆగి, "నాలుగో ఫ్లోర్‌లో ఒకటుందండీ, కానీ కిటికీలోంచి చూస్తే ఎదురుగా గోడే కనిపిస్తుంది" అన్నాడు మొహమాటంగా.

"ఆ గోడ గదే ఇవ్వండి బాబూ" అన్నాను.

అప్పటికప్పుడు అదే మాట మెయిల్లో కూడా రాశాను. యాప్‌లో "ప్రత్యేక కోరికలు" అన్న గడిలో రాసింది కోరికే తప్ప హామీ కాదు. మెయిల్‌కి వాళ్ల జవాబు మన చేతిలో ఉంటే కౌంటర్ దగ్గర మాట్లాడటం తేలిక. క్యాన్సిల్ చేసుకోగలిగే రేటు కొంచెం ఎక్కువైనా అదే తీసుకున్నాను, ఎందుకంటే మా ట్రైనింగ్ తేదీలు మా మేనేజర్ మూడ్‌ని బట్టి మారతాయి.

చెక్‌ఇన్ మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు, మేమేమో పొద్దున్నే దిగాం. సామాను కౌంటర్‌లో పెట్టించి, లాబీలో కూర్చున్నాం. గదికి కట్టాల్సింది కాక కార్డు మీద కొంత డిపాజిట్ హోల్డ్ పెడతామన్నారు, అంటే ఆ డబ్బు తీసుకోకుండా ఖాళీ చేసేదాకా ఆపి ఉంచుతారు. ఇలాంటప్పుడు క్రెడిట్ కార్డు ఇవ్వడం మంచిది. డెబిట్ కార్డు ఇస్తే మన ఖాతాలోని అసలు డబ్బే అన్నాళ్లూ వాడుకోడానికి లేకుండా ఇరుక్కుపోతుంది.

గదిలోకి వెళ్లగానే సూట్‌కేసులు మంచం మీద పెట్టనివ్వలేదు, బాత్‌రూమ్ టైల్స్ మీద పెట్టించాను. దుప్పటి తీసి పరుపు అంచుల కుట్లూ, తలవైపు చెక్క వెనకా ఫోన్ లైటు వేసి చూశాను. నల్లులుంటే ఆ కుట్ల వెంబడి నల్లటి చుక్కలు కనిపిస్తాయి. లేవు. తర్వాత తలుపు వెనకున్న, మంటలొస్తే బయటపడే దారి మ్యాప్ చూసి, కారిడార్‌లోకి వెళ్లి మా గదికీ మెట్లకీ మధ్య ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టాను. పొగలో కళ్లు కనపడవు, గోడ తడుముకుంటూ తలుపులు లెక్కపెట్టుకునే పోవాలి.

"ఇవన్నీ ఇప్పుడెందుకే, కాస్త నడుం వాల్చక?" అంది అమ్మ. సాయంత్రం చూస్తే తనే ఇంకోసారి లెక్కపెట్టి వచ్చి, నేను స్టోర్‌రూమ్ తలుపు కలపలేదని చెప్పింది.

రాత్రి నిజంగానే చప్పుడు లేదు. అప్పుడు తెలిసింది, అంత నిశ్శబ్దంలో చిన్న ఫ్రిజ్ ఎంత గోల చేస్తుందో! కాసేపు గుర్రుమని, ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని ఆగుతుంది. కళ్లు మూతపడే వేళకి మళ్లీ మొదలు. లేచి ప్లగ్గు పీకేశాను. తలుపు కింద సందులోంచి కారిడార్ లైటు, అడుగుల చప్పుడు వస్తుంటే టవల్ చుట్టి పెట్టాను. అయినా మొదటి రాత్రి సరిగ్గా పట్టలేదు. కొత్త చోట మొదటి రాత్రి చాలామందికి ఇంతేనట. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ సగం కుడి సగం కంటే మెలకువగా ఉండి, వింత చప్పుళ్లకి తొందరగా స్పందించిందని తేలింది. హోటల్‌ని తిట్టుకోవాలంటే రెండో రాత్రి దాకా ఆగాలన్నమాట. రెండో రాత్రి అమ్మ గురక కూడా వినిపించలేదు నాకు.

మిగతావన్నీ సాదాసీదాగా, పనికొచ్చేలా ఉన్నాయి. మంచం పక్కనే సాకెట్లు, లాప్‌టాప్ పెట్టుకునేంత బల్ల, బాత్‌రూమ్‌లో తడి బట్టలకి కొక్కేలు. షవర్‌లో వేడి నీళ్లు రావడానికి కాస్త ఆగాలి, అంతే. లాబీలో ఫౌంటెన్లూ షాండిలియర్లూ లేవు, వాటికి డబ్బు కట్టాలనీ నాకు లేదు.

ఇబ్బంది లేదని కాదు. చీకటి పడితే చుట్టుపక్కల షాపులన్నీ మూసేస్తారు. క్లాసు లేటైన రోజున ఏదో ఒకటి దారిలోనే కొనుక్కుని రావాలి, గదికొచ్చాక చూద్దాంలే అనుకుంటే పస్తే. పగలు నేను వెళ్లిపోయాక అమ్మకి ఏమీ తోచేది కాదు. "బాగానే ఉందమ్మా, ఆస్పత్రిలో ఉన్నంత ప్రశాంతంగా ఉంది" అని దెప్పింది ఒకరోజు. క్లాసు లేని రోజు ఇద్దరం సెంటర్‌కి వెళ్లి చీకటి పడేదాకా తిరిగాం. జనం, లైట్లు, హారన్లు అన్నీ తనకి తెగ నచ్చాయి. ఊరు చూడ్డానికే, అదీ రెండు రోజుల కోసం వచ్చేవాళ్లయితే అక్కడే దిగడం నయం. రోజూ రైల్లో పోయే అరగంటలు వాళ్లకి దండగ.

ఖాళీ చేసే రోజు పొద్దున్నే కౌంటర్ దగ్గర క్యూ ఉంటుందని ముందు రాత్రే బిల్లు తీయించి, ఆఫీసు పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. స్పెల్లింగ్ తప్పు పడింది, అక్కడే మార్పించాను. డిపాజిట్ హోల్డ్ విడుదల చేసినట్టు కూడా ఒక కాగితం రాయించుకున్నాను. బ్యాంకు దాన్ని కార్డు మీంచి తీసేసరికి ఇంటికొచ్చి కొన్ని రోజులైంది.