18వ రోజు, బుధవారం: ఇక మూత తెరిచేది లేదు

రెండున్నర వారాల కిందట శనివారం సాయంత్రం ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగే పెట్టెలో, పొదగేసిన కోడిగుడ్లకు ఈ సాయంత్రంతో 18 రోజులు నిండుతాయి. పెట్టిన రోజును ఒకటిగా లెక్కపెట్టకూడదు, 24 గంటలు గడిచాకే ఒకటి. శనివారం పెడితే మూడు వారాల తర్వాత శనివారమే పిల్లలు, అదే గుర్తు. ఇవాళ గుడ్లను చివరిసారి తూచి, టార్చి వెలుగులో చూసి, నీళ్లు నింపి మూత వేసేయాలి. పొదిగే మూడు వారాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఈ రోజే.

పొద్దున్నే థర్మోస్టాట్ 37.5 చూపిస్తోంది. ఫ్యాన్ ఉన్న థర్మాకోల్ పెట్టెకు అదే సరైన వేడి. ఫ్యాన్ లేకుండా బల్బులతోనే నడిచే పెట్టెలో పైన ఒక వేడి, కింద ఒక వేడి ఉంటుంది. అక్కడ థర్మామీటరును గుడ్డు పైభాగం ఎత్తులో పెట్టి 38.5 దగ్గర ఉంచాలి. చవక సెన్సర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపించడం మామూలే, కాబట్టి ప్రతి దఫాకు ముందు సరిచూసుకోవడం తప్పనిసరి. గోరువెచ్చటి నీళ్లలో సెన్సర్ కొనను, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు కొనను పక్కపక్కన ముంచితే తేడా తెలిసిపోతుంది. వేడి తక్కువైతే పిల్లలు 22, 23 రోజులకు గానీ రావు, వచ్చినా నీరసంగా ఉంటాయి. ఎక్కువైతే 19, 20 రోజులకే బొడ్డు పూర్తిగా మూసుకోకుండా బయటపడతాయి. రెండిట్లో వేడెక్కువే ప్రమాదం. కాసేపు చల్లబడినా గుడ్డు తట్టుకుంటుంది. మేతకు లేచిన పెట్ట రోజూ ఓ పావుగంట గూడు వదిలే ఉంటుంది కదా. అదే 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు ఉంటే పిండం బతకడం కష్టం.

ఇంట్లో వాడే పెట్టెకు వేడి చేయడమే తప్ప చల్లార్చడం చేతకాదు. అందుకే మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గదే 38 దాటితే బల్బు ఆరిపోయి ఉన్నా లోపల వేడి ఎక్కుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో పొదగేయకపోవడమే మంచిది.

తర్వాత తూకం. గుడ్డు పెట్టేముందు పెన్సిల్‌తో దాని బరువు దానిమీదే రాస్తాను. పెన్ను, స్కెచ్‌పెన్ వాడకూడదు, సిరా పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. 18వ రోజుకు గుడ్డు తన బరువులో 12, 13 శాతం నీటిని పోగొట్టుకోవాలి. 44 గ్రాముల నాటుగుడ్డు ఇప్పటికి 38.5 గ్రాములకు రావాలి. 41 దగ్గరే ఆగిపోయిందంటే లోపల తేమ ఎక్కువైనట్టు. గుడ్డు వెడల్పు కొసలో ఉండే గాలిగది చిన్నదై, పిల్ల ముక్కు గుచ్చేటప్పుడు ఊపిరాడక చస్తుంది. 36కు దిగిపోయిందంటే ఎండిపోయినట్టు. పొర తోలులా బిగిసి పిల్లను కదలనివ్వదు. వంటింటి డిజిటల్ త్రాసు ఒక గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి ఒక్కో గుడ్డు కాకుండా పది గుడ్లు కలిపి తూచి, వాటిమీద రాసిన అంకెల మొత్తంతో పోల్చుకుంటాను. 7వ రోజు, 14వ రోజు కూడా ఇలాగే చూస్తే దారి తప్పుతున్నది ముందే తెలుస్తుంది.

మొదటి 18 రోజులూ 45 నుంచి 55 శాతం తేమ ఉండాలని యంత్రంతో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది, రోజూ నీళ్లు పోయమనీ ఉంటుంది. ఆ కాగితం రాసినవాళ్లకు మన వాన తెలియదు. శ్రావణంలో కోస్తా ఊళ్లో గది వేడి 30, తేమ 80 శాతం ఉందనుకుందాం. అదే గాలి పెట్టెలోకి వెళ్లి 37.5కు వేడెక్కితే తేమ దానంతటదే 52, 53 శాతానికి వస్తుంది. చుక్క నీళ్లు అక్కర్లేదు. ఈ దఫా ఇవాళ్టి వరకూ గిన్నె ఖాళీగానే ఉంది. అదే వేసవి మొదట్లో అనంతపురంలోనో పాలమూరులోనో గది 35 డిగ్రీలు, 25 శాతం ఉంటే లోపల 22 శాతానికి పడిపోతుంది. అక్కడ గిన్నె ఖాళీగా పెడితే గుడ్లన్నీ ఎండిపోతాయి. కాబట్టి ఊరినీ కాలాన్నీ చూసి నీళ్లు పోయాలి, తూకాన్ని చూసి దిద్దుకోవాలి. తేమ మీటరును కూడా పరీక్షించుకోవచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా తడిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో గాలి చొరకుండా ఏడెనిమిది గంటలు ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే ఇక మీదట ప్రతి అంకెకూ ఐదు కలుపుకోవడమే.

మధ్యాహ్నం గది చీకటి చేసి టార్చి. 7వ రోజు చూసినప్పుడు సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క ఉంటే పిండం పట్టినట్టు. తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు. చుట్టూ ఎర్రటి వలయం గీసినట్టుంటే మొదటి రోజుల్లోనే చచ్చినది, అది ఉంచకూడదు, మురిగి పగిలితే పక్క గుడ్లన్నిటికీ సోకుతుంది. ఇవాళ చూడాల్సింది వేరు. వెడల్పు కొస దగ్గర గుడ్డులో మూడోవంతు గాలిగది, మిగతాదంతా నల్లగా, గది అంచు కాస్త వాలుగా ఉండాలి. అంచు ఉలిక్కిపడినట్టు కదిలితే పిల్ల హుషారుగా ఉందన్నమాట.

తిప్పడం నిన్న రాత్రితోనే ఆపేశాను. మొదటి వారం తిప్పకపోతే పచ్చసొన పైకి తేలి పిండం పెంకు పొరకు అంటుకుంటుంది. అందుకే ఒకవైపు సున్నా, ఒకవైపు ఇంటూ గుర్తు పెట్టి రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పుతాం. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రి పొడుగునా ఉండే వైపు రోజూ మారాలి. ఇప్పుడు పిల్ల తల గాలిగది వైపు సర్దుకుంటోంది, కదిలిస్తే దారి తప్పుతుంది.

సాయంత్రం తిప్పే ట్రే తీసేసి, జాలీ మీద ఉతికిన గోనె ముక్క పరిచి గుడ్లను పక్కకు పడుకోబెట్టాను. న్యూస్‌పేపర్ వేయకూడదు, నున్నటి కాగితం మీద పిల్లల కాళ్లు చెరోపక్కకు జారి అలాగే ఉండిపోతాయి. ఇక తేమ 65 నుంచి 70కి వెళ్లాలి. గిన్నె ఎంత లోతన్నది కాదు, నీటి పైభాగం ఎంత వెడల్పన్నదే లెక్క. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు, అందులో నిలబెట్టిన రెండు స్పాంజి ముక్కలు. పక్క రంధ్రంలోంచి సెలైన్ గొట్టం దూర్చి ఉంచాను, తగ్గితే సిరంజితో బయటినుంచే నీళ్లు ఎక్కించొచ్చు. గాలి రంధ్రాలు మాత్రం పూర్తిగా తెరిచే ఉండాలి. తేమ పోతుందని వాటిని మూసేస్తే చివరి మూడు రోజుల్లోనే నిండుగా పెరిగిన పిల్లలు గాలి చాలక పోతాయి.

కరెంటు పోతుందని పెద్దగా బెంగ లేదు. ఈ వయసు పిల్లలు సొంతంగా వేడి పుట్టిస్తాయి. మూత తెరవకుండా, రంధ్రాలు మూసుకోకుండా పైన దుప్పటి కప్పితే రెండు మూడు గంటలు గడుస్తుంది.

శుక్రవారం నుంచి లోపల కిచకిచలు వినిపించవచ్చు. పెంకుకు చిన్న బీట పడ్డాక పిల్ల 12 నుంచి 24 గంటలు ఊరికే ఉంటుంది. ఆగిపోయిందనుకుని వేలితో వలిచేవాళ్లు చాలామంది. ఆ సమయంలోనే పొరలోని రక్తం, మిగిలిన పచ్చసొన కడుపులోకి వెళ్తాయి. తొందరపడి వలిస్తే రక్తం కారి చస్తుంది. ముందొచ్చిన పిల్లల్ని తీద్దామని మూత తెరిచినా అంతే, బీట పడ్డ గుడ్ల పొర ఆ కాసేపట్లోనే ఆరి బిగుసుకుంటుంది. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి మొదటి రోజు పిల్లలకు మేత అక్కర్లేదు, లోపలే ఆరనివ్వొచ్చు.

పిల్లల్ని వెచ్చగా పెంచే బ్రూడర్ పెట్టెలో ఊక పోసి బల్బు సరిచూశాను, మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించాలి. ఏడో రోజు కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు. మందు ఐసు మీద తేవాలి, పశువుల ఆసుపత్రిలో ముందే అడిగి ఉంచాలి.

సోమవారానికి కూడా కదలని గుడ్లను పగలగొట్టి చూస్తాను. నరాలు మాత్రమే ఉంటే నిల్వలోనో మొదటి వారం వేడిలోనో లోపం. నిండు పిల్ల పచ్చసొన బయటే ఉండి చచ్చిపోతే చివరి రోజుల తేమ, గాలి చూసుకోవాలి. గుడ్డు మీది పెన్సిల్ అంకె పక్కన ఏం కనిపించిందో నోటుపుస్తకంలో రాసుకున్నాకే తర్వాతి దఫాకు గుడ్లు ఏరడం. అవీ వారం కంటే పాతవి కాకుండా, కడగకుండా.