చిలకపచ్చ అనార్కలీ

"మీ సైజులో ఈ మోడల్ రాదు మేడమ్, అటు చూడండి" అంది ఆ అమ్మాయి. అటు చూస్తే మూడే రంగులు, నేవీ బ్లూ, మెరూన్, నలుపు.

బీసెంట్ రోడ్డులో ఇవాళ మూడో షాపు అది. బొమ్మకి వేసిన చిలకపచ్చ అనార్కలీ మీద నుంచి నా చూపు పోవట్లేదు, చెల్లి ఎంగేజ్‌మెంట్‌కి అలాంటిదే కావాలని నెల నుంచి అనుకుంటున్నా.

త్రీ ఎక్సెల్ అని రాసి ఉన్నదొకటి వేసి చూశాను. ఛాతీ దగ్గర సరిపోయింది, చెయ్యి మాత్రం మోచేతి పైన ఆగిపోయింది, భుజాలేమో కిందికి జారిపోతున్నాయి. చిన్న సైజు నమూనా పట్టుకుని అన్ని వైపులా అంగుళాలు పెంచుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది. ఒళ్ళు అన్నిచోట్లా ఒకేలా పెరగదు కదా, చంక దగ్గర, చేతి దండ దగ్గర విడిగా కొలిచి కత్తిరించాలి.

అమ్మకి ఈ బాధ లేదు. చీర ఎవరికైనా అదే ఐదున్నర మీటర్లు, జాకెట్టు కొలత ఇచ్చి కుట్టించుకుంటుంది.

ఫ్యాషన్ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ వాళ్ళు మన దేశానికంటూ సైజుల చార్టు కోసం 25,000 మందిని స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. అందులో నాలాంటి వాళ్ళ కొలతలు కూడా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నా.

ఆ రంగు నాకు బాగుంటుంది. నాకు తెలుసు.

సాయంత్రం వన్‌టౌన్ వెళ్ళి ఐదు మీటర్ల చిలకపచ్చ జార్జెట్ కొన్నాను. మా టైలరక్క దండ చుట్టూ టేపు పెట్టి కొలుస్తూ "చేతులు పొడుగ్గానా, పొట్టిగానా?" అని అడిగింది. పొట్టిగానే అన్నాను.