లొంగని ఖనిజంలో బంగారం
సయనైడ్‌తో బంగారాన్ని కరిగించే పద్ధతిని 1887లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు రూపొందించారు. అయితే, పిండిలా నూరిన ఖనిజాన్ని ఆ ద్రావణంతో సీసాలో పోసి, రోలర్ల మీద 24 గంటలు దొర్లించినా, సగం బంగారం కూడా బయటికి రాని సందర్భాలను నేను చూశాను.

తప్పు సయనైడ్‌ది కాదు. పైరైట్, ఆర్సెనోపైరైట్ అనే సల్ఫైడు (గంధకం కలిసిన) ఖనిజాల స్ఫటికాల లోపల మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నగా బంగారం ఇరుక్కుని ఉంటే, ద్రావణం దాన్ని తాకనే తాకలేదు. కనుక ముందుగా ఆ సల్ఫైడును ఛేదించాలి. ఖనిజాన్ని వేయించవచ్చు గాని, ఆర్సెనిక్ ఉంటే విషపు పొగను పట్టి ఉంచడం పెద్ద పని. ఆటోక్లేవులో, అంటే అధిక ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఆక్సిజన్ ఒత్తిడితో ఆక్సీకరించడం వేగవంతమే గాని ఖరీదైనది. ఇనుమును, గంధకాన్ని ఆక్సీకరించి బతికే బాక్టీరియాకు అప్పగిస్తే రోజులు పడుతుంది. నాకు మాత్రం ఈ నెమ్మదైన పద్ధతే ముచ్చటగా తోస్తుంది.

ఆటోక్లేవు నుంచైనా, బాక్టీరియా తొట్టి నుంచైనా వచ్చే బురద ఆమ్లంగా ఉంటుంది. సున్నంతో దాని పీహెచ్‌ను 10 దాటించకుండా సయనైడ్ కలిపితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది. ఖనిజంలోనే సేంద్రియ కర్బనం ఉంటే మరో చిక్కు: కరిగిన బంగారాన్ని అదే తిరిగి పీల్చేసుకుంటుంది. అందుకే, దానికంటే ముందే బంగారాన్ని అందుకునేలా ఉత్తేజిత కర్బనాన్ని అదే తొట్టిలో వేస్తారు.