చేపల ఊళ్లో అమ్మ తిన్నది

జపాన్‌లోని హకొదాతె గురించి ఎవరిని అడిగినా మూడే చెబుతారు. కొండ మీది నుంచి కనిపించే రాత్రి దీపాలు, తెల్లవారుజామున మార్కెట్లో స్క్విడ్, నక్షత్రం ఆకారంలో కట్టిన కోట. మూడూ చూడాల్సినవే. కానీ ఆ ఊరు నిలబడింది వీటి మీద కాదు, సముద్రంలో పెరిగే ఒక నాచు మీద. జపాన్ వాళ్లు దాన్ని కొంబు అంటారు. టోక్యోలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా నల్లటి ఎండు పట్టీల్లా పాకెట్లలో కనిపిస్తుంది. దాని వెంట పడి ఉత్తర దీవి హొక్కైడో దక్షిణ కొస దాకా వెళ్లడం మాత్రం మా అమ్మ వల్లే జరిగింది.

అమ్మ పుట్టి పెరిగింది బందరులో, గిలకలదిండి రేవుకి దగ్గర్లో. ఆమె పెట్టే పండుగప్ప పులుసు కోసం మా బంధువులు అవనిగడ్డ నుంచి వచ్చేవాళ్లు. నాన్న పోయాక కాశీ వెళ్లి చేప వదిలేసి వచ్చింది. కాశీలో ఇష్టమైనది ఏదో ఒకటి వదలాలంటారు కదా. చాలామంది ఓ పండో ఓ కూరో వదులుతారు. అమ్మ తనకి ప్రాణమైనదాన్నే వదిలింది. అప్పటినుంచి రొయ్యపొట్టు కూడా ముట్టదు. ఈ జులైలో టోక్యో వచ్చినప్పుడు "నీ ఆఫీసు బిల్డింగులు చూశాను గానీ, ఒక మంచి రేవు ఊరు చూపించరా" అంది. నాకు వెంటనే తట్టింది హకొదాతె.

టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో దాదాపు నాలుగు గంటలు. అవొమొరి దాటాక సైకన్ సొరంగం వస్తుంది. పొడవు 53.85 కిలోమీటర్లు, అందులో 23.3 కిలోమీటర్లు సముద్రం కిందే. "ఇప్పుడు మన నెత్తి మీద సముద్రమా?" అని అమ్మ రెండుసార్లు అడిగి, కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చుంది. బుల్లెట్ రైలు ఊళ్లోకి రాదు. షిన్-హకొదాతె-హొకుతొలో దిగి, మామూలు రైలెక్కి ఇరవై నిమిషాలు పోవాలి.

తెల్లవారుజాము మార్కెట్ స్టేషన్ పక్కనే. 1945లో యుద్ధం ముగిశాక చుట్టుపక్కల రైతులు స్టేషన్ ముందు కూరగాయలు పెట్టుకుని అమ్మడంతో మొదలైంది. ఎండాకాలంలో ఐదింటికే తెరుస్తారు. టూరిస్టుల గోల బాగానే ఉంది. అయినా సరుకు మాత్రం నిజమైన సరుకు. ఒళ్లంతా నూగు ఉండే కెగాని పీతలు, చెక్కపెట్టెల్లో వరసగా పేర్చిన పసుపురంగు ఉని (సముద్రపు ముళ్లకాయలోని గుడ్డుభాగం), సాల్మన్ గుడ్లు, కోసి ఆరబెట్టిన హొక్కె చేపలు. అమ్మ ఒక్కటీ తినదు. కానీ ఆ దుకాణాల ముందు ఆమె నడిచిన తీరు చూడాలి. కన్ను ఉబ్బెత్తుగా ఉందా లోపలికి పోయిందా, మొప్ప ఎర్రగా ఉందా గోధుమరంగుకి తిరిగిందా, అన్నీ దూరం నుంచే చెప్పేస్తోంది. "ఇది రాత్రి పట్టింది. అది నిన్నటిది." ఒక చోట దుకాణం పెద్దాయనకి విషయం అర్థమై, ఐసులోంచి ఒక చేపని తీసి మొప్పలు తెరిచి చూపించాడు. అమ్మ తలూపింది. ఆయనా తలూపాడు. మధ్యలో నా అనువాదం అవసరం పడలేదు.

నేను స్క్విడ్ తిన్నాను. అక్కడ నీళ్ల తొట్టెలో ఉన్నదాన్ని గాలంతో మనమే పట్టుకోవచ్చు. అక్కడికక్కడే సన్నటి సేమ్యాలా కోసి అల్లం, సోయాతో పెడతారు. బతికున్నప్పుడు దాని ఒళ్లు గాజులా ఉంటుంది, ఎర్రటి చుక్కలు దాని మీద వెలుగుతూ ఆరిపోతూ ఉంటాయి. చచ్చి కొంతసేపయ్యాక తెల్లబడుతుంది. టోక్యోలో మనకి దొరికేది ఆ తెల్లదే. పంటి కింద కరకరలాడి, నమిలేకొద్దీ తీపి తేలే ఈ పారదర్శకమైన స్క్విడ్ వేరే పదార్థం అనిపించింది. ధర మాత్రం ఆ రోజు పట్టుబడిని బట్టి. పదేళ్లుగా హకొదాతె చుట్టూ స్క్విడ్ బాగా తగ్గిపోయింది. ఊరు ఎన్నుకున్న సొంత చేప అదే, ఆగస్టు పండగలో వీధుల్లో ఆడే నాట్యం పేరూ అదే, కానీ సముద్రంలో అదే కరువు. దాని బదులు, ఒకప్పుడు ఇంత ఉత్తరానికి పెద్దగా రాని బురి చేప వలల్లో విరివిగా పడుతోంది. నీళ్లు వెచ్చబడుతున్నాయి. బురి తినే అలవాటు లేని ఊరు ఇప్పుడు దాన్ని వేయించి బన్నులో పెట్టి అమ్మడం నేర్చుకుంటోంది.

ఆ మార్కెట్లోనే ఒక మూల కొంబు దుకాణం. అమ్మ అక్కడ ఆగింది. "ఇది చేప కాదుగా?" కాదని చెప్పాను. అంతకుముందు జపాన్‌లో ఆమెతో ప్రతి హోటల్లోనూ ఇదే చిక్కు. పైకి కూరగాయలే కనిపిస్తాయి, కానీ చారులో కత్సువొబుషి ఉంటుంది, అంటే ఎండబెట్టి పొగపట్టిన చేప తురుము. దుకాణంలో ఉన్నావిడ చిన్న కప్పుల్లో ఉత్త కొంబు నీళ్లు పోసి ఇచ్చింది. రాత్రి చల్లటి నీళ్లలో నానేసి, పొద్దున పట్టీ తీసేసిన నీళ్లు. ఉప్పు కూడా వెయ్యలేదు. అమ్మ తాగి, కప్పు కింద పెట్టకుండా ఇంకొంచెం అడిగింది. తర్వాత అన్నంముద్ద మీద దూదిలా తురిమిన తొరొరొ కొంబు చుట్టి ఇస్తే నిలబడే రెండు తినేసింది. నేను ఆ ఊళ్లో తిన్నవాటికంటే, అమ్మ ఆ ముద్దలు తినడమే నాకు బాగా గుర్తుంది.

ఆ రుచి ఏమిటో 1908లో ఇకెద కికునయె అనే టోక్యో రసాయన శాస్త్రవేత్త కొంబు నుంచే విడదీశాడు. గ్లుటమేట్. మరుసటి ఏడాది నుంచి అది అజినమోటో పేరుతో సీసాల్లో వచ్చింది. మన ఊళ్లలో నూడుల్స్ బండి మీద చల్లే తెల్లపొడికి మూలం ఈ నాచేనని అమ్మకి చెబితే చాలాసేపు నమ్మలేదు.

ఇక ఊరి కథ. హొక్కైడోని జపాన్ వాళ్లు ఎజొ అని పిలిచే కాలంలో, కితమయెబునె ఓడలు వసంతంలో ఒసాకాలో బయల్దేరి, పడమటి తీరం వెంట రేవు రేవునా బియ్యం, ఉప్పు, సారా, బట్టలు కొంటూ అమ్ముకుంటూ ఇక్కడికి చేరేవి. తిరుగు ప్రయాణంలో హెరింగ్ చేపల ఎరువు, కొంబు నింపుకునేవి. ఎరువు పడమటి జపాన్ పత్తి చేలకు, నీలిమందు చేలకు పోయేది. కొంబు ఒసాకా వంటింటికి పోయేది. అక్కడితో ఆగలేదు, నాగసాకి మీదుగా, ర్యుక్యు దీవుల మీదుగా చైనా దాకా వెళ్లింది. ఒక్క కొంబు కూడా పెరగని ఒకినావాలో ఇవాళ్టికీ కొంబు వేపుడు ఇంటి వంట. ఒక దారి సరుకుని మోస్తూ మోస్తూ మనుషుల నాలుకల్ని కూడా మార్చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ సంపద వెనక హొక్కైడో మూలవాసులైన ఐనులున్నారు. అది వాళ్ల నేల, వాళ్ల సముద్రం. వర్తకులు అక్కడి తీరాలను గుత్తకు తీసుకుని వాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించారు. కొంబు గొప్ప చెప్పేటప్పుడు ఈ మాట వదిలేస్తే అన్యాయం.

హకొదాతెని పెద్ద రేవుగా చేసింది తకదయ కహెయి. అవజి దీవిలో పుట్టిన ఓడ వర్తకుడు. 1812లో రష్యన్లు ఆయన్ని పట్టుకుని కమ్‌చత్కా తీసుకుపోయారు. అక్కడ ఉండగానే వాళ్ల భాష పట్టుకుని, జపాన్ చెరలో ఉన్న రష్యన్ కెప్టెన్ గొలొవ్‌నిన్ విడుదలకు మధ్యవర్తి అయ్యాడు. 1813లో గొలొవ్‌నిన్‌ని అప్పగించింది హకొదాతెలోనే. రెండు రాజ్యాలు చేయలేని పని ఒక సరుకుల వ్యాపారి చేశాడు. కొండ దిగువన ఆయన విగ్రహం ఉంది. అక్కడికి పనిగట్టుకుని వెళ్లండి.

తర్వాతిది పుస్తకాల్లో ఉన్నదే. 1854 ఒప్పందంతో అమెరికా ఓడలకి తలుపు తీశారు, 1859లో యొకొహామా, నాగసాకిలతో పాటు విదేశీ వర్తకానికి తెరిచారు. మొతొమచి పేటలో ఆర్థడాక్స్ చర్చి, బ్రిటిష్ కాన్సులేట్, నీలం పసుపు రంగుల పాత టౌన్‌హాలు ఒకే వాలు మీద కనిపిస్తాయి. ఈ ఊరికి గాలి శత్రువు. రెండువైపులా సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక మెడ మీద ఊరు. నిప్పు అంటుకుంటే ఆగదు. 1934 అగ్నిప్రమాదంలో రెండువేల మందికి పైగా పోయారు.

స్టేషన్ వెనక రేవులో మషూ మరు అనే పాత రైలు ఫెర్రీని మ్యూజియంగా ఉంచారు. సొరంగం రాక ముందు రైలు పెట్టెల్ని కూడా ఈ ఫెర్రీల్లోకి ఎక్కించి జలసంధి దాటించేవాళ్లు. 1954 సెప్టెంబర్ 26 రాత్రి తుపానులో తొయ మరుతో సహా ఐదు ఫెర్రీలు హకొదాతె రేవు దగ్గరే మునిగాయి. మొత్తం 1,430 మంది చనిపోయారు. సాయంత్రం గాలి కాస్త తగ్గింది, తుపాను దాటిపోయిందనుకున్నారు. సొరంగం తవ్వాల్సిందేనన్న పట్టుదల ఆ రాత్రి తర్వాతే గట్టిపడింది. 1988లో సొరంగం తెరిచారు, రైలు ఫెర్రీలు ఆగిపోయాయి. నేను ఆ బోర్డు చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపేసింది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. "మాకూ మధ్యలో గాలి తగ్గిందిరా. నాన్న బయటికి పోతానంటే అమ్మ చెయ్యి పట్టుకుని లాగేసింది" అంది. మా తాతయ్య గురించి ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు కారు అద్దెకి తీసుకుని మినమికయబె వెళ్లాం. ఇప్పుడు అది హకొదాతె నగరంలోనే కలిసిపోయింది, కానీ దాదాపు గంట ప్రయాణం, కొండలు దాటి పసిఫిక్ వైపు. అక్కడ దొరికేది మకొంబు, కొంబుల్లో మొదటి రకం. కోస్తే లోపల తెల్లగా ఉంటుంది. ఒక్కో పట్టీ మనిషికి రెండు మూడింతల పొడుగు. తీరమంతా ఇంటింటి ముందూ రాళ్లు పరిచిన కళ్లాలు. గిలకలదిండి ఇసుకలో ఎండుచేపలు ఆరబోసినట్టే, ఇక్కడ కొంబు ఆరబోస్తారు. చీకటితోనే పడవ వెళ్తుంది, తెచ్చినది ఆ రోజే ఆరిపోవాలి, లేదంటే ధర పడిపోతుంది. పొగమంచు కమ్మితే ఆరబెట్టే గదుల్లోకి మార్చాలి. ఎండితే పనైపోయినట్టు కాదు. రాత్రి మంచుకి కాస్త మెత్తబరిచి, చుట్టి, మళ్లీ విప్పి చదునుచేసి, అంచులు కత్తిరించి, రకాలుగా వేరుచేసి కట్టలు కడతారు.

కళ్లంలో పనిచేస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నడుం నిటారు చేసింది. అమ్మ కంటే పదేళ్లు పెద్దదేమో. సముద్రంలో సొంతంగా పెరిగేది ఇప్పుడు దాదాపు లేదని, తాళ్లకి నాటి పెంచిందే ఇదంతా అని చెప్పింది. సొంతంగా పెరిగే మకొంబు రెండేళ్లకి కోతకి వస్తుంది, దానికి చలికాలంలో నీళ్లు గట్టిగా చల్లబడాలి. అవి చల్లబడటం లేదు. ఉని, అబలోన్ (ఒక రకం సముద్రపు నత్త) ఈ నాచునే తిని బతుకుతాయి, అంటే మార్కెట్లో అంత ధర పెట్టి తినే ఉని రుచి కూడా ఇదే. స్క్విడ్ కరువు గురించి పేపర్లు రాస్తాయి. కొంబు కరువు వంటవాళ్లకీ, ఈ తీరం మనుషులకీ మాత్రమే తెలుస్తోంది. నాకు హకొదాతెలో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. అడుగున ఉన్నది పోతే పైన ఉన్నదేదీ మిగలదు.

ఆ ఊళ్లోనే జోమోన్ (జపాన్‌లో చరిత్రకి ముందటి కాలం) మ్యూజియం ఉంది. 1975లో ఒక గృహిణి పొలంలో బంగాళదుంపలు తవ్వుతుంటే దొరికిన మట్టిబొమ్మని అక్కడ పెట్టారు. ఎత్తు 41.5 సెంటీమీటర్లు, లోపల డొల్ల, వయసు దాదాపు 3,500 ఏళ్లు. 2007లో జాతీయ నిధిగా ప్రకటించారు, హొక్కైడోలో అదే మొదటిది. చీకటి గదిలో ఒక్క బొమ్మ, ఒక్క దీపం. అమ్మ బొమ్మ కంటే దాన్ని తవ్విన ఆవిడ గురించే ఎక్కువ అడిగింది.

మీరూ వెళ్తే జులై, ఆగస్టుల్లో వెళ్లండి. కొంబు కోత అప్పుడే. మినమికయబెకి బస్సులు తక్కువ, కారు ఉండాలి. కళ్లాల్లో అడుగుపెట్టొద్దు, దారి మీద నిలబడే చూడండి.

ఇంటికొచ్చాక అమ్మ చేసిన పద్ధతి: లీటరు నీళ్లకి పది గ్రాముల కొంబు. పైనున్న తెల్లటి పొడి కడగకూడదు, రుచి అందులోనూ ఉంది. తడిబట్టతో దుమ్ము తుడిస్తే చాలు. రాత్రంతా ఫ్రిజ్‌లో నానేసి, పట్టీ తీసేసి, ఆ నీళ్లతో టమాటా చారు. చింతపండు సగానికి తగ్గించింది, ఇంగువ మానలేదు. నానిన పట్టీని సన్నగా తరిగి కొబ్బరితో వేపుడు చేసింది. అది నాకు నచ్చలేదు, ఆమెకి నచ్చింది. కొంబులో అయోడిన్ చాలా ఎక్కువ, థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా తినకూడదు. బందరుకి పట్టుకెళ్లిన పాకెట్లలో మా పిన్నికి మాత్రం ఇవ్వొద్దని ఫోన్లో గట్టిగా చెప్పాను.