133 షడ్భుజులు, ఒక దుప్పటి

క్రోషే దుప్పటి అంటే ఎక్కువమంది గ్రానీ స్క్వేర్ అనే చతురస్రపు ముక్కతో మొదలుపెడతారు. 1885లోనే ప్రెయిరీ ఫార్మర్ అనే అమెరికన్ పత్రికలో ఆ చతురస్రం నమూనా అచ్చయింది. ఇన్నేళ్లూ నిలబడిందంటే ఊరికే కాదు. నేను మాత్రం షడ్భుజి ఎంచుకున్నాను. అందం ఒక కారణం, బద్ధకం ఇంకో కారణం. ముక్కలు అల్లమంటే ఎన్నైనా అల్లుతాను గానీ, వాటిని కలిపి కుట్టడమంటే నాకు ఒళ్లు మంట. ఒక జాగాను సమానమైన ముక్కలుగా విడగొట్టినప్పుడు అతుకుల మొత్తం పొడవు అన్నిటికంటే తక్కువయ్యేది ఆరు భుజాల ముక్కలతోనే. తేనెపట్టు చూసి ఎప్పటినుంచో అందరూ అనుకుంటున్న ఈ సంగతిని థామస్ హేల్స్ అనే గణితజ్ఞుడు 1999లో నిరూపించాడు. చతురస్రాలతో పోలిస్తే దాదాపు 7 శాతం అతుకు తగ్గుతుంది. పైగా చతురస్రాలైతే ప్రతి మూలా నాలుగు ముక్కలు కలిసి గడ్డకట్టినట్టు లావవుతుంది. షడ్భుజులైతే కలిసేవి మూడే.

ఊలు కొనేముందు ఇంట్లో ఉన్నదానితో ఒక ముక్క అల్లి కొలిచాను. డీకే మందం (మరీ సన్నమూ మరీ లావూ కాని) ఆక్రిలిక్ ఊలు, 4 మిల్లీమీటర్ల హుక్, మధ్య నుంచి చుట్టూ ఐదు వరుసలు. ఎదురెదురు భుజాల మధ్య 12 సెంటీమీటర్లు వచ్చింది. వంటింటి త్రాసు మీద పెడితే 8 గ్రాములు తూగింది. మిగతాదంతా లెక్క. దుప్పటిలో అడ్డ వరుసకు పది ముక్కలైతే వెడల్పు 120 సెంటీమీటర్లు. షడ్భుజుల వరుసలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి కాబట్టి ఎత్తు వరుసకు 12 చొప్పున పెరగదు, సుమారు 10.4 చొప్పునే పెరుగుతుంది. అలా 14 వరుసలకు 149 సెంటీమీటర్లు. వరుస తప్పించి వరుసలో తొమ్మిది నిండు ముక్కలు, చెరో చివర ఒక సగం ముక్క. అంటే 133 నిండు ముక్కలు, 14 సగం ముక్కలు. ఊలు కిలో 120 గ్రాములు, అంచుకూ ఎచ్చుతగ్గులకూ ఇంకో పదో వంతు. ఈ లెక్క ముందే ఉండటం వల్ల అన్ని ముక్కల్నీ కలిపే తెలుపు ఊలును ఒకేసారి, ఒకే డై లాట్ నంబరుతో, అంటే ఒకే విడతలో రంగు వేసినదాన్ని, కొనగలిగాను. రంగు ఊలు ఉండల్లో కాస్త తేడా ఉన్నా ఎవరికీ తెలీదు. దుప్పటంతా పరుచుకునే తెలుపులో తేడా వస్తే మాత్రం అడ్డంగా గీత గీసినట్టు కనిపిస్తుంది.

ముక్క అల్లడం చెప్పేస్తాను, పెద్దగా ఏమీ లేదు. మ్యాజిక్ రింగ్ (లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు) వేసి, అందులో రెండు డబుల్ క్రోషేలు (హుక్ మీద ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్లు), ఒక గొలుసు కుట్టు. ఇదే ఆరుసార్లు. తర్వాత ప్రతి వరుసలోనూ కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోవడం, గొలుసు ఉన్న మూల రాగానే ఒక డబుల్ క్రోషే, ఒక గొలుసు, ఇంకో డబుల్ క్రోషే వేయడం. వరుసకు పన్నెండు కుట్లు పెరుగుతాయి: 12, 24, 36, 48, 60. భుజానికి పది కుట్లు వచ్చాక ఆపేయడమే. బ్రిటిష్ పద్ధతిలో రాసిన నమూనా చూసి అల్లేవాళ్లు మాత్రం అక్కడ ఈ కుట్టునే ట్రెబుల్ అంటారని గుర్తుంచుకోవాలి.

ఆ పన్నెండే ఎందుకన్నది నన్ను కాసేపు పట్టుకుంది. డబుల్ క్రోషే ఎత్తు దాని వెడల్పుకు సుమారు రెట్టింపు ఉంటుంది. వరుస వేసినప్పుడల్లా వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది, చుట్టుకొలత అంతకు 6.28 రెట్లు పెరగాలి. వెడల్పుల్లో చెప్పుకుంటే పన్నెండున్నర కుట్లు. వృత్తానికి పన్నెండు అనే వాడుక అలా వచ్చిందే. అదే లెక్కతో చతురస్రానికి పదహారు, షడ్భుజికి పద్నాలుగుకు కొంచెం తక్కువ కావాలి. మనం వేసేది పన్నెండే కాబట్టి ముక్క హుక్ నుంచి దిగినప్పుడు అంచులు కాస్త పైకి లేస్తాయి. మూలల్లోని గొలుసు కొంత సర్దుతుంది, మిగతాది ఆవిరి చూసుకుంటుంది. కుట్లు తగ్గితే లేస్తుంది, ఎక్కువైతే కుచ్చులు పోతుంది. ఆ కుచ్చులు పోవడాన్నే పనిగా పెట్టుకుని, కార్నెల్ యూనివర్సిటీలో దైనా తైమిన్య అనే గణితవేత్త 1997లో హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే ఎటు చూసినా కుచ్చులా వంగే తలాన్ని, క్రోషేతో అల్లి చూపించారు. అది తెలిసినప్పటినుంచి కుచ్చులు పోయిన ముక్కను విప్పాలంటే కొంచెం జాలేస్తుంది. అయినా విప్పాల్సిందే, దుప్పటి బల్లపరుపుగా ఉండాలి కదా.

రంగుల దగ్గరే ఎక్కువ కాలం ఆగిపోయాను. తొమ్మిది రంగులు తీసుకున్నాను. ఒక్కో ముక్కలో మూడు రంగులు: మధ్యలో ఒకటి, రెండు మూడు వరుసలకు ఒకటి, నాలుగో వరుసకు ఒకటి. ఐదోది అన్నిటికీ తెలుపే. తొమ్మిదింటిలోంచి మూడింటిని వరుసక్రమంతో ఎంచుకుంటే 504 రకాలు వస్తాయి. అంటే నా 133 ముక్కల్లో ఏ రెండూ ఒకేలా ఉండక్కర్లేదు. విన్నప్పుడు బాగుంటుంది. అల్లి నేల మీద పరిచాక మాత్రం కళ్లు ఎక్కడా నిలవవు.

దీనికి మందు రంగుల్లో లేదు, వెలుగునీడల్లో ఉంది. ఊలు ఉండలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను. కళ్లకు ఎంతో తేడాగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ ఆ ఫొటోలో ఒకే బూడిదరంగు ముద్ద. ఆ రెండూ ఒకే ముక్కలో పక్కపక్కన పడితే దూరం నుంచి గీత కనబడదు. అందుకని తొమ్మిదింటినీ లేత, మధ్యస్థం, ముదురు అని మూడు జట్లు చేశాను. నాలుగో వరుస రంగు ఏ జట్టుదైతే ముక్క ఆ జట్టుదే. అక్కడినుంచి అమరిక దానంతటదే వచ్చేసింది. షడ్భుజులు పరిచిన నేలను ఏ రెండు ఇరుగుపొరుగులూ ఒకేలా లేకుండా నింపడానికి మూడు రంగులు చాలు. పై వరుసలో లేత, మధ్యస్థం, ముదురు అని తిప్పుకుంటూ పోవాలి. కింది వరుసలో ప్రతి ముక్కా పైనున్న రెండిటి మధ్య కూర్చుంటుంది కాబట్టి, ఆ రెండూ కాని మూడో జట్టు ముక్క అక్కడ పెట్టాలి. జట్టు లోపల ఏ ముక్క చేతికొస్తే అది. ఇష్టమొచ్చినట్టు పరిచినట్టే కనిపిస్తుంది గానీ కంటికి ఒక దారి దొరుకుతుంది. పూర్తిగా లాటరీకి వదిలేసిన దుప్పట్లు కొందరికి నచ్చుతాయి, నాకు నచ్చవు.

ఇక కొసలు. రంగు మార్చిన ప్రతిసారీ మొదట ఒకటి, చివర ఒకటి. ముక్కకు నాలుగు రంగులు, ఎనిమిది కొసలు. సగం ముక్కల్ని తిప్పకుండా ముందువైపు నుంచే అల్లాలని వరుస వరుసకూ దారం తెంపాను కాబట్టి వాటికి పదేసి. మొత్తం పన్నెండు వందల పైచిలుకు. ఈ అంకె ముందే వేసి చూసుకుంటే చాలామంది క్రోషే జోలికే వెళ్లరేమో! అల్లుతూనే కొసను కుట్ల కింద దాచేసుకోవచ్చంటారు. ఒకే రంగైతే హాయిగా చేయొచ్చు. ముదురు కొస మీద లేత రంగు అల్లితే మాత్రం అది లోపలినుంచి తొంగి చూస్తుంది. నేను 15 సెంటీమీటర్లు వదిలి, మొద్దు మొన సూదితో సొంత రంగు కుట్లలోంచే ఒకవైపు పోనిచ్చి, ఒక పోగు వదిలేసి వెనక్కి తెచ్చి, మళ్లీ ముందుకు పంపాను. ఆక్రిలిక్ జారుడు ఊలు. ఒక్కవైపే దూర్చి వదిలేస్తే రెండు ఉతుకులకు బయటికొస్తుంది. ముడి వేయొద్దు, వేలికి తగులుతుంది, పైగా ముడీ ఊడుతుంది. ముక్క పూర్తవగానే దాని కొసలు దాచేస్తే ఈ పని పనిలా అనిపించదు. కుప్ప పోసుకుని ఒక్కరోజు కూర్చుందామనుకుంటే ఆ రోజు రానే రాదు.

తెలుపు వరుస లేకుండా నాలుగు వరుసల ముక్కలన్నీ ముందు అల్లి పెట్టుకున్నాను. చెయ్యి అన్ని రోజులూ ఒకేలా ఉండదు. టెన్షన్‌గా ఉన్న రోజు ముక్క చిన్నదవుతుంది, కబుర్లు చెప్పుకుంటూ అల్లింది పెద్దదవుతుంది. అట్టముక్క మీద షడ్భుజి గీసి, ప్రతిదాన్నీ దాని మీద పిన్నులతో సాగదీసి, ఇస్త్రీపెట్టెను రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో పట్టుకుని ఆవిరి మాత్రమే తగలనిచ్చాను. ఆక్రిలిక్‌కు వేడి ఇస్త్రీపెట్టె తగిలితే కుట్టు చచ్చి మెత్తబడి నిగనిగలాడుతుంది, మళ్లీ వెనక్కి రాదు. అసలు గొర్రె ఉన్ని అయితే తడిపి పిన్ను చేసి ఆరబెట్టడమే మంచిది.

కలపడానికి ముందు చిన్న నమూనాల మీద మూడు పద్ధతులు చూశాను. సూదితో చుట్టి కుట్టడం మెత్తగా వస్తుంది, విసుగు. సింగిల్ క్రోషేతో (పొట్టి కుట్టుతో) కలిపితే త్వరగా అవుతుంది, కానీ అతుకు మీద గట్టు లేస్తుంది. కొందరికి ఆ గట్టే ముచ్చట. మూడోది అల్లుతూనే కలపడం. ఐదో వరుస అల్లేటప్పుడు, పొరుగు ముక్క ఉన్నవైపు ప్రతి డబుల్ క్రోషే అయ్యాక హుక్ బయటికి తీసి, పొరుగు ముక్కలోని జతకుట్టు తల గుండా దూర్చి, వదిలేసిన ఉచ్చును ఇటు లాగి, తర్వాతి కుట్టుకు వెళ్లాలి. అతుకు చదునుగా, కుట్లు తలకు తల ఆనించినట్టు వస్తాయి. మొదటి ముక్కకు ఆరు భుజాలూ స్వేచ్ఛే. వరుస మధ్యలో ఉన్న ముక్కకు ఎడమవైపు ఒకటి, పైన రెండు, మొత్తం మూడు భుజాలు కలపాలి. మూడు మూలలు కలిసే చోట మూడోసారి వచ్చినప్పుడు ముందటి రెండు గొలుసుల్లోనూ హుక్ దూర్చి లాగితే సందు మూసుకుపోతుంది. అలా చేయకపోతే అక్కడ వేలు పట్టేంత కన్నం మిగులుతుంది.

సగం దాటాక పని కంటే బరువే ఇబ్బంది. ప్రతి ముక్కకీ దుప్పటినంతా ఒళ్లో తిప్పాలి. బల్ల మీద పరిచి, కుర్చీ పక్కకు జరుపుకుంటూ కలపడం మొదలుపెట్టాక మణికట్టు నొప్పి తగ్గింది.

అంచు తొందరగానే అయిపోయింది. సగం ముక్కల పుణ్యమా అని పక్క అంచులు నిటారుగా వచ్చాయి. పైనా కిందా ఉన్న రంపపు పళ్లను పూడ్చకుండా అలాగే ఉంచి, శిఖరం దగ్గర మూడు కుట్లు ఒకేచోట వేసి, లోయ దగ్గర రెండు కుట్లు వదిలేస్తూ తెలుపుతో రెండు వరుసలు తిప్పాను. ఉతికే ముందు ఎరుపు ఊలు ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద అదిమి చూశాను, రంగు దిగలేదు. చన్నీళ్లలో ఉతికి, తీగ మీద వేయకుండా నేల మీద పరిచి ఆరబెట్టాను. కిలోకి పైగా ఊలు తడిసి వేలాడితే తన బరువుకే సాగుతుంది, ఒకసారి సాగిన కుట్టు మళ్లీ దగ్గరికి రాదు. ఆరాక కొలిస్తే పొడవు లెక్క కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉంది. అంచు వరుసలకది సరిపోతుంది కాబట్టి ఇంక పట్టించుకోలేదు.